బేరియాట్రిక్ సర్జరీ తర్వాత తగ్గేది కొవ్వా, కండా? మొదటి ఏడాది కండ పోకుండా చూసుకోవడం ఎలా

శ్రావణ శుక్రవారం మా అత్తయ్య వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతం. నాకు స్లీవ్ సర్జరీ, అంటే బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్, అయ్యి అప్పటికి నాలుగు నెలలు, 112 కేజీల నుంచి 88కి వచ్చా. గాజులు జారిపోతున్నాయి, వచ్చినవాళ్ళంతా ఎంత సన్నబడ్డావే అంటుంటే సంతోషంగానే ఉంది. పూజ అయ్యాక వాయనం తీసుకోడానికి పీట మీంచి లేవబోతే లేవలేకపోయా. నొప్పి కాదు, కళ్ళు తిరగడం కాదు, తొడల్లో సత్తువ లేదంతే. 112 ఉన్నప్పుడు ఒక చెయ్యి నేలకి ఆనించి లేచేదాన్ని, 24 కేజీలు తగ్గాక మా వదిన చెయ్యి పట్టుకుని లేపాల్సొచ్చింది.

తర్వాత వారం ఫైల్ తీసి చూస్తే సర్జరీకి ముందు హాస్పిటల్‌లో చేసిన ఇన్‌బాడీ రిపోర్ట్ (ఒంట్లో కొవ్వెంత, కొవ్వు కానిదెంత అని మెషీన్ ఇచ్చే లెక్క) ఉంది, అప్పుడు దాని గురించి ఎవరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అదే రకం మెషీన్ మీద మళ్ళీ చేయిస్తే తేలిందేంటంటే పోయిన 24 కేజీల్లో కొవ్వు పదిహేనున్నర, మిగతా ఎనిమిదిన్నర కొవ్వు కానిది. అంటే మూడో వంతు పైన. రివ్యూకి వెళ్ళిన ప్రతిసారీ బరువు చూసి "గుడ్, బాగా తగ్గుతున్నారు" అన్నారు తప్ప ఏం తగ్గుతోందో ఎవరూ చూడలేదు, నేనూ అడగలేదు. మీరు అడగాలని, అసలు అడిగే అవసరం రాకుండా మొదటి రోజు నుంచే చూసుకోవాలని ఇదంతా రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాదు, కాబట్టి ఇందులో చెప్పే లెక్కలు మీ సర్జన్‌తో, డైటీషియన్‌తో ఒకసారి సరిచూసుకోండి, ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ప్రోటీన్ విషయం అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ముందు ఇది అర్థం చేసుకోండి: ఏం పోతుంది, ఎందుకు పోతుంది

స్లీవ్‌లో పొట్టని నిలువుగా కోసి దాదాపు 75-80 శాతం తీసేస్తారు, అరటిపండు సైజు గొట్టంలా మిగుల్తుంది. ఇంకో రకం సర్జరీ అయిన గ్యాస్ట్రిక్ బైపాస్‌లో పొట్ట పైభాగంలో చిన్న సంచి, సుమారు 30 మిల్లీలీటర్లది, కట్ చేసి దాన్ని చిన్నపేగుకి కలుపుతారు. ఏదైనా సరే మొదటి వారాల్లో రోజుకి లోపలికి వెళ్ళేది ఆరేడొందల కేలరీలే ఉంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ కూడా స్లీవ్ తర్వాత బాగా పడిపోతుంది కాబట్టి తినాలనీ అనిపించదు. ఒంటికి మాత్రం రోజూ కావాల్సిన ఖర్చు కావాలి, అది దాచుకున్న దాంట్లోంచి తీస్తుంది.

మొదటి వారం పది రోజుల్లో టకటకా పడే కేజీల్లో చాలా భాగం నీళ్ళు. లివర్‌లో, కండల్లో గ్లైకోజన్ అని పిండిపదార్థం నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము దాంతో పాటు మూడు గ్రాముల దాకా నీళ్ళని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చయిపోగానే నీళ్ళూ పోతాయి. వారంలో 5 కేజీలు పోయిందని పండగ చేసుకోవద్దు, మూడో వారంలో బరువు కదలకుండా నిలబడిపోయిందని ఏడవొద్దు. ఈ రెండూ దాదాపు అందరికీ జరిగేవే.

కొవ్వు విషయానికొస్తే ముందు కరిగేది పొట్ట లోపల పేగుల చుట్టూ, లివర్‌లో పేరుకున్నది. చర్మం కింద పట్టుకుంటే చేతికొచ్చే కొవ్వు నిదానంగా తగ్గుతుంది. అందుకే తొడలు అలాగే ఉన్నాయే అనుకునే టైంకే షుగర్ మాత్రలు తగ్గిపోతాయి, ఫ్యాటీ లివర్ గ్రేడ్ దిగుతుంది (షుగర్ తగ్గడానికి పేగుల హార్మోన్ల మార్పు కూడా కారణం, బైపాస్ వాళ్ళకి బరువు తగ్గకముందే రోజుల్లోనే తగ్గడం చూస్తారు). ఇంకో సంగతి, కొవ్వు కణాలు మాయమవ్వవు. 2008లో నేచర్ పత్రికలో స్వీడన్ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది, బేరియాట్రిక్ సర్జరీ అయినవాళ్ళ కొవ్వు కణాల్ని ముందొకసారి, రెండేళ్ళ తర్వాత ఒకసారి లెక్కేస్తే సంఖ్య తగ్గలేదు, సైజు మాత్రమే తగ్గింది. గాలి తీసిన బెలూన్లు అన్నమాట, లోపల అలాగే ఉంటాయి. ఈ ముక్క చివర్లో మళ్ళీ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక కండ. ఇది పోవడానికి మూడు దారులున్నాయి. ఒకటి, ప్రోటీన్ చాలకపోతే ఒళ్ళు కండని కరిగించి అమైనో ఆసిడ్లు తీసుకుంటుంది, లివర్‌కి, గుండెకి, గాయం మానడానికి అవి కావాలి కాబట్టి వేరే దారి లేదు దానికి. రెండు, పడుకుని రెస్ట్ తీసుకోవడం. మూడోది ఎవరూ చెప్పరు: 112 కేజీల మనిషి నడిచిన ప్రతి అడుగూ కాళ్ళకి వెయిట్ ట్రైనింగే, అందుకే బరువున్న వాళ్ళకి పిక్కలు గట్టిగా ఉంటాయి. 24 కేజీలు దిగిపోయాక ఆ బరువు మోసే పని లేదు, పని లేని కండని ఒళ్ళు ఉంచుకోదు. కాబట్టి కొంత కండ తగ్గడం మామూలే, దాన్ని పూర్తిగా ఆపలేం. చాలా పరిశోధనలు కలిపి చూస్తే మొదటి ఏడాది తగ్గిన బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కొవ్వు కానిదే ఉంటోంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతోంది. మనం గట్టిగా పట్టుకోవాల్సింది ఆ మూడు నెలలే, నేను పోగొట్టుకున్నదీ అవే.

మనవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే మనకి మొదట్నుంచీ కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణె కేఈఎం హాస్పిటల్ డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనం బక్కగా ఉన్నా లోపల కొవ్వే అని ఇంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేరు. సర్జరీకి ఆసియా వాళ్ళకి బీఎంఐ 27.5 నుంచే ఆలోచించొచ్చని 2022లో అంతర్జాతీయ సొసైటీలు చెప్పింది కూడా ఇలాంటి కారణాల వల్లే. ఉన్న కొంచెం కండా పోగొట్టుకుంటే అద్దంలో సన్నగా కనపడతాం, లోపల మళ్ళీ కొవ్వు శాతం ఎక్కువే ఉంటుంది.

స్టెప్ 1: సర్జరీకి ముందే మొదటి కొలత తీసి పెట్టుకోండి

ముందు కొలత లేకపోతే తర్వాత ఏం పోయిందో ఎప్పటికీ తెలీదు. డెక్సా స్కాన్ అన్నిటికంటే నమ్మకమైంది, ఎముకల సాంద్రతకి చేసే మెషీన్‌తోనే బాడీ కంపోజిషన్ కూడా తీస్తారు, అడిగేటప్పుడు "బోన్ డెన్సిటీ కాదు, హోల్ బాడీ కంపోజిషన్" అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే నడుము, తుంటి తీసి పంపించేస్తారు. టేబుల్ ఎంత బరువు మోస్తుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, పాత మెషీన్లకి లిమిట్ ఉంటుంది.

డెక్సా దొరక్కపోతే ఇన్‌బాడీ లాంటి మెషీన్ చాలు. అది ఒంట్లో చిన్న కరెంట్ పంపి నీళ్ళని బట్టి లెక్క వేస్తుంది, కాబట్టి నీళ్ళు అటూ ఇటూ అయితే లెక్కా అటూ ఇటూ అవుతుంది. ప్రతిసారీ పొద్దున్నే, పరగడుపున, బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఎక్సర్‌సైజ్ చేయకముందు, ఒకే మెషీన్ మీద చేయించండి. ఆడవాళ్ళు పీరియడ్ రోజుల్లో వద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ మెషీన్ ఎక్కకూడదు.

ఇంట్లోనే చేసుకునేవి ఇంకా విలువైనవి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో టైం పెట్టి రాసుకోండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే బలం తక్కువున్నట్టు అని ఆసియా దేశాల సార్కోపీనియా (కండ, బలం తగ్గిపోయే సమస్య) గ్రూప్ 2019లో గీత గీసింది. ఫిజియోథెరపీ సెంటర్లో చేతి పట్టు కొలిచే డైనమోమీటర్ ఉంటుంది, అదే గ్రూప్ లెక్కలో మగవాళ్ళకి 28 కేజీల కంటే, ఆడవాళ్ళకి 18 కేజీల కంటే తక్కువైతే తక్కువ. నడుము, తొడ, పిక్క చుట్టుకొలత టేపుతో తీసి అదే కాగితం మీద రాయండి.

సర్జరీకి ముందు ఓ రెండు వారాలు లివర్ చిన్నదవ్వడానికి తక్కువ కేలరీల డైట్ ఇస్తారు. అందులో ప్రోటీన్ షేక్ ఉంటే దాన్ని మానొద్దు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులు పెట్టి పుష్-అప్‌లు అప్పటి నుంచే మొదలుపెడితే తర్వాత కొత్తగా నేర్చుకునే పని ఉండదు.

స్టెప్ 2: మొదటి రెండు వారాలు, పథ్యం గొడవ

ఇంటికి రాగానే మా అమ్మ చారన్నం మెత్తగా పిసికి పెడతానంది, కోడిగుడ్డు పచ్చిపుండుకి చీము పట్టిస్తుందంది, మంచం దిగొద్దంది. ప్రేమతోనే. నేనూ పెద్దవాళ్ళు చెప్పింది కదా అని గంజినీళ్ళు, చారు, కొబ్బరినీళ్ళు తాగుతూ నెల గడిపేశా, ప్రోటీన్ పౌడర్ డబ్బా మాత్రం వాసన పడక అల్మారాలో పెట్టేశా. అప్పుడు నా పొట్టలోకి వెళ్ళిన ప్రోటీన్ ఇప్పుడు లెక్కేస్తే రోజుకి పదిహేను గ్రాములు దాటదు. గుడ్డు వల్ల చీము పట్టదు, గాయం మానడానికే ప్రోటీన్ కావాలి. సర్జరీకి ముందు రోజే ఇంట్లో వండేవాళ్ళని కూడా డైటీషియన్ దగ్గర కూర్చోబెట్టండి, మీరు వచ్చి చెప్తే వినరు, తెల్లకోటు వేసుకున్నామె చెప్తే వింటారు.

పలచటి ద్రవాలు, తర్వాత చిక్కటి ద్రవాలు, తర్వాత మెత్తగా గ్రైండ్ చేసినవి, మెత్తటి తిండి, చివర్న మామూలు తిండి, ఇదీ వరస. ఏ వారం ఏదన్నది ఒక్కో హాస్పిటల్‌కి కొంచెం తేడా ఉంటుంది, మీ చార్టే ఫాలో అవ్వండి, ముందుకి దూకొద్దు, కుట్ల లైన్ మానాలి. చేయాల్సిందల్లా ఒక్కటే, ఆ వరసలో ఏ మెట్టు మీదున్నా ప్రోటీన్ ఉన్నదాన్ని ఎంచుకోవడం. చిక్కటి ద్రవాలంటే రాగిజావ ఒక్కటే కాదు, పాలల్లో కలిపిన వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి), వడకట్టిన చికెన్ సూప్‌లో కలిపిన రుచి లేని ప్రోటీన్ పౌడర్, చిక్కటి మజ్జిగ. వాసన పడకపోతే చల్లగా చేసుకుని మూత ఉన్న గ్లాసులో స్ట్రా లేకుండా చిన్న చిన్న గుక్కలుగా తాగండి, వేడి చేస్తే వాసన ఎక్కువవుతుంది, గడ్డలు కూడా కడుతుంది.

నీళ్ళు రోజంతా కలిపి లీటరున్నర దాటాలి, ఒక్కో గుక్కా ఒక్కో స్పూను. నడక హాస్పిటల్‌లో లేపి నడిపించిన గంట నుంచే మొదలు. ఇంట్లో గంటకోసారి లేచి ఐదు నిమిషాలు హాల్లో తిరిగితే చాలు, రక్తం గడ్డకట్టకుండా కూడా అదే కాపాడుతుంది.

స్టెప్ 3: ప్రోటీన్ లెక్క, మన వంటింటి భాషలో

అమెరికన్ బేరియాట్రిక్ సర్జరీ సొసైటీ గైడ్‌లైన్స్ ప్రకారం రోజుకి కనీసం 60 గ్రాములు, ఉండాల్సిన బరువు కేజీకి ఒకటిన్నర గ్రాము దాకా. ఉన్న బరువు కాదు, ఉండాల్సిన బరువు. నా ఎత్తు 158 సెంటీమీటర్లు, బీఎంఐ 23 లెక్కన ఉండాల్సింది 57 కేజీలు, కాబట్టి నా టార్గెట్ 70 నుంచి 85 మధ్యలో. మీ ఎత్తుని మీటర్లలో రాసి, దాన్ని దాంతోనే గుణించి, 23తో గుణించండి, అంతే.

ఇప్పుడు మనం తినేవాటిలో ఎంతుందో చూద్దాం. ఒక గుడ్డు 6 గ్రాములు, తెల్లసొన ఒక్కటే అయితే మూడున్నర. వండిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకి 30 దాకా, చేప 20 పైన. పనీర్ 100 గ్రాములకి 18, పెరుగు 100 గ్రాములకి మూడున్నర, పాలు ఒక గ్లాసు 8. మీల్ మేకర్ ఎండువి 100 గ్రాములకి 50 పైనే, శాకాహారులకి ఇంతకంటే చవకైన కండ లేదు. ఇడ్లీ ఒకటి 2 గ్రాములు. సరైన లెక్కలు కావాలంటే హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2017లో వేసిన ఫుడ్ కంపోజిషన్ టేబుల్స్ ఉన్నాయి, మన తిండికి అవే ప్రమాణం.

పప్పు గురించి ఆగి చెప్పాలి, మనందరం మోసపోయేది ఇక్కడే. కందిపప్పు 100 గ్రాముల్లో 22 గ్రాముల ప్రోటీన్ ఉన్నమాట నిజమే. కానీ నలుగురికి పప్పుచారు పెట్టేటప్పుడు అమ్మ వేసేది ఒక గుప్పెడు, 30 గ్రాములనుకోండి, గిన్నె మొత్తానికి ఆరేడు గ్రాములు. అందులో మీ వంతు గ్రామున్నర. ఆ గ్రామున్నర కోసం మీ చిన్న పొట్ట పూర్తిగా నీళ్ళతో నిండిపోతుంది. పప్పు తినాలంటే ముద్దపప్పులా గట్టిగా, అన్నం లేకుండా, స్పూనుతో తినండి. పెసరట్టు ఇడ్లీ కంటే ఎంతో మేలు, 30 గ్రాముల పెసల చిన్న అట్టులో 7 గ్రాములుంటాయి.

మామూలు తిండికొచ్చాక నేను తిన్న ఒక రోజు ఇదిగో. పొద్దున ఏడింటికి ఒక స్కూప్ వే ప్రోటీన్ 200 మిల్లీలీటర్ల పాలల్లో, అరగంట సేపు తాగుతా, అక్కడే 30 గ్రాములు. తొమ్మిదిన్నరకి ఒక గుడ్డు, ఇంకో గుడ్డు తెల్లసొన, 10. పన్నెండున్నరకి చేప కానీ చికెన్ కానీ 60 గ్రాములు, గట్టి పప్పు రెండు స్పూన్లు, 17-18. సాయంత్రం పనీర్ రెండు ముక్కలు, 5. రాత్రి ఏడింటికి చిన్న పెసరట్టు, 7. మొత్తం 70. అన్నం ఈ లెక్కలో ఎక్కడుందని మా వారు అడిగారు, చివర్న చోటుంటే రెండు ముద్దలు, లేకపోతే లేదు. మాంసం తిననివాళ్ళు అదే షేక్, మధ్యాహ్నం 50 గ్రాముల పనీర్, గట్టి పప్పు ఒక కప్పు, సాయంత్రం 20 గ్రాముల మీల్ మేకర్ మెత్తగా ఉడికించి పిండి చేసిన వేపుడు, రాత్రి పెసరట్టు, పెరుగు, ఇలా 65 దాటొచ్చు. షేక్ లేకుండా మొదటి ఆరు నెలలు శాకాహారులకి ఈ లెక్క అందడం చాలా కష్టం, దాన్ని మందులా చూడండి.

కంచంలో ముందు ప్రోటీన్, తర్వాత కూర, ఆఖర్న అన్నం. పెరుగన్నంతో మొదలుపెడితే చికెన్‌కి చోటుండదు. నీళ్ళు తినే ముందు, తిన్న తర్వాత అరగంట గ్యాప్. ఒక్కో ముద్దా పేస్ట్ అయ్యేదాకా నమలండి, ముఖ్యంగా చికెన్, గట్టిగా వేయించింది ఇరుక్కుని వాంతవుతుంది, అదొకసారి జరిగితే మనసు విరిగిపోయి మళ్ళీ చారన్నం దారే పడతాం. పులుసులో మెత్తగా ఉడికిన చేప, ఖీమా ముందు మొదలుపెట్టడం మంచిది.

స్టెప్ 4: కండకి పని చెప్పండి

నేను మొదటి నాలుగు నెలలు రోజుకి 8 వేల అడుగులు నడిచా. అయినా పీట మీంచి లేవలేకపోయా. నడక గుండెకి, షుగర్‌కి, మూడ్‌కి చాలా మంచిది కానీ తొడ కండకి అది చాలదు, దానికి బరువు తగలాలి. ప్రోటీన్ ఇటుకలైతే ఇది మేస్త్రీ, ఇటుకలు వాకిట్లో పోసి ఊరుకుంటే గోడ లేవదు.

మొదటి 4-6 వారాలు 5 కేజీల కంటే బరువు ఎత్తకూడదు, నీళ్ళ బకెట్, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లలు అన్నీ ఇందులోకే వస్తాయి, పొట్ట మీద గాట్ల దగ్గర హెర్నియా రావచ్చు. ఈ టైంలో నడక, కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు ముందుకి చాపి ఐదు అంకెలు ఆపడం, కిచెన్ గట్టు పట్టుకుని మడమలు పైకి లేపడం. ఇవి రోజూ చేయొచ్చు.

సర్జన్ సరే అన్నాక, మామూలుగా 6-8 వారాలకి, వారంలో మూడు రోజులు, మధ్యలో ఒక రోజు గ్యాప్‌తో ఇవి చేయండి:

కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం 10 సార్లు. గోడ పుష్-అప్‌లు 10. ఎలాస్టిక్ బ్యాండ్ కిటికీ ఊచకి కట్టి మోచేతులు వెనక్కి లాగడం 10. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపడం 10. ఇదే వరస ఇంకో రెండు రౌండ్లు, రౌండ్‌కి రౌండ్‌కి మధ్య రెండు నిమిషాలు కూర్చోండి.

పాతిక నిమిషాల పని ఇది. అసలు కిటుకు ఏంటంటే ఆఖరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. 12 సార్లు తేలిగ్గా అయిపోతుంటే కష్టం పెంచాలి: ఎత్తు కుర్చీ నుంచి పొట్టి స్టూల్‌కి, తర్వాత ఛాతీకి రెండు లీటర్ల నీళ్ళ బాటిల్ హత్తుకుని, తర్వాత 5 కేజీల బియ్యం సంచి. గోడ నుంచి డైనింగ్ టేబుల్ అంచుకి, అక్కడ్నుంచి నేలకి. ఏ వారం ఎన్ని, ఎంత బరువు అన్నది క్యాలెండర్ మీద రాయండి, పాలవాడి లెక్క రాసుకున్నట్టు. మూడు నాలుగు నెలలకి జిమ్‌కి వెళ్ళగలిగితే వెళ్ళండి, లెగ్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్ లాంటి మెషీన్లు కొత్తవాళ్ళకి భయం లేకుండా ఉంటాయి. ట్రైనర్‌కి సర్జరీ సంగతి చెప్పండి, వాళ్ళు ఉపవాసం చెయ్యమనో, ఫ్యాట్ బర్నర్ వాడమనో అంటే వద్దని చెప్పేయండి.

కళ్ళు తిరిగినా, చెమటలు పట్టినా ఆపేసి కూర్చోవాలి. షుగర్, బీపీ మందులు వాడుతున్నవాళ్ళకి బరువు తగ్గేకొద్దీ డోస్ ఎక్కువైపోయే ప్రమాదం ఉంది, డాక్టర్‌తో మాట్లాడి సరిచేయించుకోండి.

స్టెప్ 5: మూడు, ఆరు, పన్నెండు నెలలకి కొలిచి చదవడం

రిపోర్ట్‌లో చాలా అంకెలుంటాయి, మీకు కావాల్సినవి రెండే: కొవ్వు ఎన్ని కేజీలు, లీన్ మాస్ (కొవ్వు కానిది) ఎన్ని కేజీలు. శాతాలు చూడొద్దు, కేజీలే చూడండి. ముందుది లోంచి ఇప్పటిది తీసేయండి. 18 కేజీలు తగ్గితే అందులో లీన్ 4 అయితే 22 శాతం, బాగానే కాపాడుకున్నట్టు. 6 అయితే మూడో వంతు, ప్రోటీన్ లెక్కా ఎక్సర్‌సైజ్ లెక్కా ఆ రోజే తిరగేయాలి.

లీన్ మాస్ అంటే అచ్చంగా కండ కాదు, నీళ్ళు, లివర్, పేగులు అన్నీ అందులోనే ఉంటాయి, లివర్ కొవ్వు తగ్గి చిన్నదైనా లీన్ తగ్గినట్టే చూపించొచ్చు. అందుకే స్కాన్‌తో పాటు కుర్చీ టెస్ట్, చేతి పట్టు కూడా చూడమంటున్నా. లీన్ రెండు కేజీలు తగ్గి కుర్చీ టెస్ట్ 13 సెకన్ల నుంచి 9కి వస్తే మీరు బాగున్నట్టే. లీన్ బాగానే ఉండి మెట్లెక్కలేకపోతే బాగోలేనట్టు, అప్పుడు డి విటమిన్, బీ12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. నాకు మొదటి మూడు నెలలూ పోయాక తెలిసినా ఏడాదికి లీన్ మూడు కేజీలు మళ్ళీ వచ్చింది, ఆలస్యమైందని వదిలేయొద్దు.

స్టెప్ 6: మాత్రలు, ఎముకలు

కండతో పాటు ఎముక కూడా పలచబడుతుంది, బైపాస్‌లో ఇంకొంచెం ఎక్కువ. కాల్షియం రోజుకి 1200-1500 మిల్లీగ్రాములు, అదీ సిట్రేట్ రూపంలో, విడతలుగా. డి విటమిన్ రోజుకి 3000 యూనిట్ల దగ్గర మొదలుపెట్టి రక్తపరీక్ష బట్టి మారుస్తారు. బీ12, ఐరన్, థయమిన్ (బీ1 విటమిన్) ఉన్న మల్టీవిటమిన్ జీవితాంతం. ఐరన్‌కి, కాల్షియంకి మధ్య రెండు గంటలు ఉండాలి, టీతో ఐరన్ వేసుకోవద్దు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, చాలామందికి మళ్ళీ వస్తుంది, ప్రోటీన్, ఐరన్ తక్కువైతే మాత్రం ఇంకా ఊడుతుంది.

ఇది జాగ్రత్తగా చదవండి. రెండు మూడు రోజులు ఆగకుండా వాంతులవుతుంటే, చూపు రెండుగా కనిపించినా, నడక తూలినా, థయమిన్ అయిపోతోందని అర్థం, ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది. వీధి చివర క్లినిక్‌లో నీరసానికి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకోవడం మనకి అలవాటు, ఈ పరిస్థితిలో థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఇంకా ప్రమాదం. సర్జరీ చేసిన చోటికే వెళ్ళండి, వేరే ఊళ్ళో ఉంటే ఎమర్జెన్సీలో "నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి" అని మొదటి మాటగా చెప్పండి, ఇంట్లోవాళ్ళకి కూడా నేర్పండి.

వేలాడే చర్మం, పీక్కుపోయిన మొహం

జబ్బల కింద, పొట్ట మీద వేలాడేది చాలావరకు చర్మం, ఏ క్రీమూ లాగి పట్టదు. కింద కండ పెరిగితే జబ్బలు, తొడల దగ్గర కొంచెం నిండుగా కనిపిస్తుంది. తీయించుకోవాలంటే బరువు స్థిరపడేదాకా, ఏడాదిన్నర అటూ ఇటూ, ఆగాలి. మొహం పీక్కుపోయింది, జబ్బు మనిషిలా ఉన్నావు అని చుట్టాలు అంటారు, అది విని అన్నం పెంచొద్దు.

స్టెప్ 7: ఏడాది తర్వాత

12 నుంచి 18 నెలల మధ్య బరువు ఆగుతుంది. ఆకలి మెల్లగా తిరిగొస్తుంది, పొట్టలో పట్టేదీ పెరుగుతుంది. రెండో ఏడు నుంచి కొంత బరువు మళ్ళీ ఎక్కడం చాలామందికి జరుగుతుంది. వెనక్కొచ్చేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది, ఎక్సర్‌సైజ్ లేకుండా కండ దానంతటది తిరిగి రాదు, ఆ గాలి తీసిన బెలూన్లు ఎక్కడికీ పోలేదని చెప్పా కదా. 90 నుంచి 75కి వెళ్ళి మళ్ళీ 82కి వచ్చిన మనిషి, మొదటిసారి 82 ఉన్నప్పటి మనిషీ ఒకటి కాదు, ఈసారి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, కూర్చున్నప్పుడు ఖర్చయ్యే కేలరీలూ తక్కువే. వెగోవీ, మౌంజారో లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లతో తగ్గేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది, అక్కడా కొవ్వుతో పాటు కండ పోతుంది, స్టెప్ 3, 4 వాళ్ళూ పాటించాలి.

పిల్లలు కావాలనుకునేవాళ్ళు 12-18 నెలలు ఆగమంటారు, ఈ కరిగే కాలం దాటి ఒంట్లో నిల్వలు నిండాకే.

తక్కువలో ఉన్న బరువు కంటే 3 కేజీలు పెరిగితే భయపడి ఉపవాసాలు మొదలుపెట్టొద్దు, ముందు స్కాన్ చేయించండి. పెరిగిన మూడులో లీన్ ఉంటే జిమ్ పని చేస్తోంది, ఏమీ మార్చక్కర్లేదు. అంతా కొవ్వే అయితే ఒక వారం తిన్నదంతా రాయండి, చాలాసార్లు దొరికేది భోజనంలో కాదు, మధ్యమధ్యలో నోట్లో వేసుకునే మిక్చర్, జంతికలు, రెండు స్పూన్ల చక్కెర వేసిన టీలు, జ్యూసులు, ఐస్‌క్రీం. ఇవి చిన్న పొట్టలోంచి కూడా జారిపోతాయి, ఆపే శక్తి సర్జరీకి లేదు. వాటి స్థానంలో ఉడికించిన శనగల గుగ్గిళ్ళో గుడ్డో పెట్టి, క్యాలెండర్ మీద బరువులు ఏ వారం నుంచి పెరగడం ఆగిపోయాయో చూడండి, ఆ వారం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.